నలభై దినాల్లో పుట్టిన అరిపాదాలు

మా మామ, అంటే నా భర్త తండ్రి, పోయిన నెల మొదటి ఆదివారం ఉదయం నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ వేళకు నేను ఆళ్లగడ్డలో ప్రార్థన మందిరం మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్నాను. ఫోనులో నా భర్త ఒక్క మాటే అన్నాడు. "నాయన పోయినాడు." నేను లోపలికి వెళ్ళి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. మొదటి పాట అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, బాధ లేకుండా పోయారు. అందుకు స్తోత్రం చెప్పుకోవడానికి నాకు ఆ ఒక్క పాటంత సమయం కావలసి వచ్చింది.

ఆయన ఐదు నెలలు పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఆసుపత్రిలో చేర్చిన రోజు నర్సమ్మ ఆయన్ను పక్కకు తిప్పి వీపంతా చూసింది. మళ్ళీ ఒకసారి చూసింది.

"ఎన్నాళ్ళాయె మంచాన పడి?"

"ఐదు నెలలైందమ్మా."

"ఒక్క పుండు లేదే. ఎవురు చూసుకుండేది?"

"నేనే. ఎట్ల చూసుకోవాల్నో ఆయనే నేర్పినాడు" అన్నాను.

గర్వపడకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. కాని ఆయన గురించి రాసేటప్పుడు ఆ మాటను కాసేపు పక్కన పెడుతున్నాను. దేవుడు క్షమిస్తాడనే నమ్మకం.

మామ ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేరి, అటెండరుగానే రిటైరయ్యారు. ఆయన తండ్రి తోలు పని చేసేవారు. బావుల్లో ఎద్దులతో కపిల తోలే కాలంలో నీళ్ళు తోడే తోలు బానలు కుట్టడం, చెప్పులు కుట్టడం వాళ్ళ పని. ఐదో తరగతి తర్వాత మామ బడి మానేసి తండ్రి పక్కన కూర్చున్నారు. బొటనవేలితో నొక్కి చూసి, ఈ ముక్క గొడ్డు వీపుదా, కడుపుదా అని కళ్ళు మూసుకుని చెప్పడం అక్కడే నేర్చుకున్నారు. వీపు తోలు మందం, కడుపు తోలు పలచన. "తోలు యాడ మందమో ఆడ పనుంటది" అనేవారు. ఆ ఒక్క మాటతోనే ఆయన గొడ్డునీ మేకనీ అడవి జంతువునీ చదివేవారు.

మంచాన పడ్డ మనిషిని తిప్పడం కూడా ఆ చదువులోదే. లేవలేని ఆవులకు వైద్యం చేసేటప్పుడు చూశారట. "ఎముక యాడ తోలును నేలకేసి నొక్కుతాదో, ఆడికి రక్తం రాదు పాపా. ఆడ తోలు ముందు సస్తాది. మనిషైనా అంతే." ఈ మాట ఎన్నో ఏండ్ల కిందట, మా అత్త కాలు విరిగి పడుకున్నప్పుడు చెప్పారు. అప్పుడు మేమిద్దరం గడియారం చూసుకుని ఆమెను తిప్పేవాళ్ళం. తర్వాత ఆయన వంతు వచ్చింది. నేను ఒక్కదాన్నే తిప్పాను.

ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల ఉంది. కొండ దగ్గరి పల్లెల్లో ఏ చిన్న గుర్తు కనబడినా మామ కోసం మనిషిని పంపేవాళ్ళు. ఒకసారి మా వీధి వెనక మిరప చేలో చిరుతపులి తిరిగిందని జనం తలుపులు వేసుకున్నారు. మామ వెళ్ళి తడి మట్టిలో అడుగు చూసి, గొంతుక్కూర్చుని నన్ను పిలిచారు.

"పాపా, గోళ్ళ గుర్తు కనపడతాందా?"

"కనపడతాంది మామా."

"చిరతపులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాది. మన్నులో పడవు. ఇంగ పాదం నడిమి మెత్త చూడు." పాదం అడుగున దిండులా ఉండేదాన్ని ఆయన మెత్త అనేవారు. "పులి జాతికైతే ఆ మెత్త వెనక అంచు మూడు వంపులుగా ఉంటాది. దీనికి యాడుండాయి?"

చేను యజమాని గోడ మీద నుంచి అడిగాడు, "అయితే ఏందన్నా అది?"

"మీ వీధి కుక్కప్పా. రవ్వంత సంగటి పెట్టు, పోతాది."

వీధంతా నవ్వింది. ఆ యజమాని మాత్రం వారం రోజులు మామతో మాట్లాడలేదు. పులి వచ్చిన చేను అని చెప్పుకునే అదృష్టం పోయిందని అతని బాధ.

ఇలాంటివి ఎన్నో చెప్పేవారు. కుందేలు పాదానికి అసలు మెత్తే ఉండదట, అడుగంతా వెంట్రుకలే. చీమలు తినే అలుగు ఒంటి మీద పెంకులు మన గోళ్ళు ఏ సరుకుతో పెరుగుతాయో ఆ సరుకుతోనే పెరుగుతాయట. కుక్కకు ఒళ్ళంతా పట్టని చెమట పాదాల మెత్తలకు పడుతుందట. ఎలుగుబంటి మనిషిలాగే మడమ ఆనించి నడుస్తుందట, కాని దానికి పెద్దవేలు బయటి వైపున ఉంటుందట. మనకు చిటికెనవేలు ఉండే చోట. అది చెప్పి ఆయన తన రెండు పాదాలు తారుమారుగా పెట్టి చూపించేవారు. డెబ్బై ఏండ్ల మనిషి అలా నిలబడి తూలుతుంటే మా అత్త, "పడతావు, గమ్మున కూసో" అని కసిరేది.

నంద్యాలలో ఒక కాలేజీ మాస్టారు ఆయన్ను జంతుశాస్త్రం పిల్లల ముందు మాట్లాడమని ఒకసారి తీసుకుపోయారు. నేను తోడు వెళ్ళాను. మామ ఒక తట్టలో బంకమట్టి తడిపి తీసుకెళ్ళారు. మాటల కంటే వేళ్ళతోనే ఎక్కువ చెప్పారు, మట్టిలో ఒక్కో అడుగూ వేసి చూపిస్తూ. ఒక అమ్మాయి లేచి, "తాతా, మీరేం చదివినారు?" అని అడిగింది. మామ చేతి మట్టి తుడుచుకుని, "ఐదు దాకా బడి. ఆపైన తోలు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. నేను చూశాను.

ఇక ఎలుగుబంటి సంగతి చెప్పాలి. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నదే దాని కోసం.

ఆరేండ్ల కిందటి ఎండాకాలం. కొండకు దూరంగా వదిలేసిన ఒక నాపరాతి గనిలో, అడుగున కొద్దిగా నిలిచిన నీళ్ళ కోసం ఒక ఆడ ఎలుగుబంటి దిగి, ఎక్కలేక చిక్కుకుంది. రెండు రోజులు ఆ కాలిన బండల మీదే తిరిగింది. నిలువు గోడలను గీరుతూ ఎక్కబోయి జారింది. అడవి శాఖ వాళ్ళు మత్తు సూది వేసి పైకి తీసేటప్పటికి నాలుగు పాదాల అడుగుల తోలూ ఊడిపోయింది. ఆళ్లగడ్డలో పాత కలప షెడ్డులో పెద్ద బోను పెట్టి దాన్ని ఉంచారు. పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఎలుగుబంటికి వైద్యం చేయడం అదే మొదటిసారి. కాంపౌండరు చెప్పగా మామ కోసం జీపు పంపింది. భోజనం మధ్యలో లేచిన మామ వెనక మజ్జిగ సీసా పట్టుకుని నేనూ ఎక్కాను.

ఎలుగుబంటి ఇంకా మత్తులోనే ఉంది. మామ దాని ముందు పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచారు. తెల్లగా చచ్చిన తోలు పేలికలుగా వచ్చింది. దాని కింద ఎర్రగా ఉన్న చోట బొటనవేలితో నొక్కి వదిలారు.

"డాక్టరమ్మా, ఇట్ల చూడు. రక్తం చుక్కలు చుక్కలుగా పైకి వస్తాండాది. పైతోలు పోయిందే గాని అడుగు పొర బతికే ఉండాది. అది ఉంటే మెత్త మళ్ళా పుడతాది."

అడవి శాఖ రేంజి ఆఫీసరు వేరే జిల్లా నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. "తాతా, రేపు జూ బండి వస్తోంది. ఈ కాళ్ళతో కొండలో వదిలితే వారంలో చచ్చిపోతుంది. అప్పుడు జవాబు చెప్పుకోవలసింది నేను."

"జూకు పోతే ఇంగ కొండ చూడదు కద సార్."

"చూడదు. ప్రాణంతో అయినా ఉంటుంది."

మామ పాదాన్ని మెల్లగా కింద పెట్టారు. "నలభై దినాలు ఇయ్యి సార్. నలభయ్యో దినం నువ్వే వచ్చి చూడు. నడవకుంటే బండి పిలిపించు."

"ఎవరి మాట మీద ఇవ్వాలి?"

రిటైరైన అటెండరు మాటకు కాగితం మీద విలువ లేదు. డాక్టరమ్మ మామ చేతుల వైపు చూసి, "నా మాట మీద సార్, నేను సంతకం పెడతాను" అంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఉద్యోగం మీద మచ్చ పడకుండా చూడటం కూడా మామ బాధ్యత అయింది. ఈస్టరుకు ముందు నలభై శ్రమ దినాలు మేము ఎట్లా పాటిస్తామో, మామ ఈ నలభై అట్లాగే పాటించారు. మాంసం ముట్టలేదు. ఎందుకని అడిగితే, "ఊరికే" అన్నారు.

మెలకువ వచ్చిన ఎలుగుబంటి కాలు ఎవరూ పట్టుకోలేరు. కట్టిన కట్లన్నీ మొదటి రోజే పీకేసింది. మామ ఒక ఉపాయం చేశారు. బోనులో నీళ్ళ గిన్నెకూ తిండి తట్టకూ మధ్య అడ్డంగా లోతు లేని రేకు పళ్ళెం పెట్టి, అందులో డాక్టరమ్మ ఇచ్చిన మందు నీళ్ళు పోశారు. తిండికి పోవాలంటే అందులో నాలుగు కాళ్ళూ పెట్టాల్సిందే. బెల్లం వేసిన రాగి సంగటి వండి పంపడం నా పని.

నేల సంగతి అంతకంటే ముఖ్యం. మొదటి పది రోజులు కుందూ నది ఇసుక జల్లెడ పట్టి, దాన్ని ఉడకబెట్టి ఆరేసిన గోనె పట్టాల కింద పరిచారు. తర్వాత పట్టాలు తీసేశారు. తర్వాత గరుకు ఇసుక. ఇరవయ్యో రోజు దాటాక సన్న కంకర. చివరికి నాపరాతి ముక్కలు. ఈ వరస ఆయన ఎక్కడా రాసి పెట్టలేదు.

ఇరవై ఆరో రోజు ఆయన కంటి ఆపరేషనుకు నంద్యాల పోవాల్సి వచ్చింది. మూడు రోజులు. "కంకర మార్చొద్దు, మందు నీళ్ళు పొద్దున సాయంత్రం" అని నాకు అప్పజెప్పి పోయారు.

నేను చేసిన తప్పు ఇక్కడ రాయకపోతే ఆయన మంచితనం కూడా తెలియదు. ఆ కంకర మీద ఎలుగుబంటి ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి పెడుతుంటే చూడలేక తల తిప్పుకున్నాను. మా ఇళ్ళల్లో మడమలు పగిలితే ఆముదం పూసుకుని, తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటాం. అదే నాకు తెలిసిన వైద్యం. కంకర మీద వరిగడ్డి పరిచి, దాని మీద తడి గోనెపట్టాలు వేశాను. పళ్ళెంలో మందు నీళ్ళకు బదులు ఆముదం పోశాను. ఎలుగుబంటి హాయిగా పడుకుంది. నేను ప్రార్థన చేసుకుని తృప్తిగా ఇంటికి పోయాను. మూడు రోజులూ అదే చేశాను.

మామ కంటికి పచ్చగుడ్డతో నేరుగా షెడ్డుకే వచ్చారు. బోను ముందు వంగి ఒంటి కన్నుతో చాలాసేపు చూశారు. కొత్తగా గట్టిపడుతున్న మెత్తలు నానిపోయి తెల్లగా ఉబ్బాయి. ముందు కుడి పాదం అంచున కొత్త తోలు లేచిపోయింది. ఆయన గొంతు పెంచలేదు.

"పాపా, నీ కాళ్ళకు ఆముదం పూసుకుంటే నువ్వు పోయి చాప మీద పండుకుంటావు. ఇది యాడ పండుకుంటాది?"

నాకు ఏడుపు వచ్చింది. ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. తప్పు నాదని చెప్పబోయాను. మామ చేయి అడ్డం పెట్టారు.

"తప్పు నాదమ్మా. ఏం జేయాల్నో చెప్పి పోయినా గాని, ఏంటికి జేయాల్నో చెప్పల్యా."

డాక్టరమ్మ లెక్క వేసుకుంది. పన్నెండు రోజులు కూడా సరిగ్గా లేవు. "సరిపోతాయా తాతా?" అంది. మామ నా వైపు తిరిగి, ఇంటికి పోయి పాత బొంత తెమ్మన్నారు.

ఆ సాయంత్రం షెడ్డు అరుగు మీద కూర్చుని, ఆ బొంతా ఒక పాత చెప్పు అడుగూ ముందు పెట్టుకుని, ఆయన నాకు పాదం మొత్తం చెప్పారు. పైన ఉండేది చచ్చిన పొర. అది అరిగేకొద్దీ కింది పొర కొత్తది పుట్టించి పైకి తోస్తుంది. గరుకు తగిలేకొద్దీ ఇంకా మందంగా పుట్టిస్తుంది, మెత్తగా నానబెడితే పని మానుకుంటుంది. దాని కింద నరాలూ రక్తమూ ఉండే అసలు తోలు. దాని కింద కొవ్వు. ఆ కొవ్వు ఊరికే ఒక ముద్దగా ఉండదట. బొంతలో కుట్లు వేసి పాత గుడ్డలను గళ్ళు గళ్ళుగా పట్టి ఉంచినట్టు, నారలు దాన్ని చిన్న చిన్న సంచులుగా పట్టి ఉంచుతాయట. అందుకే అంత బరువు మోపినా పక్కకు జారదు. "ఈ బొంత కుట్లు తెగితే గుడ్డలన్నీ ఒక మూలకు పోతాయి కద, అట్ల. దీనికి కుట్లు తెగల్యా. పైగుడ్డ చినిగింది, అంతే. పైగుడ్డ మనం నేయలేం పాపా. దానికి పని జెప్పాల. అదే నేసుకుంటాది."

పదో తరగతి పాసైన నాకు బడిలో ఎవరూ ఇంత తేటగా ఏదీ చెప్పలేదు.

మర్నాటి నుంచి గడ్డి లేదు, ఆముదం లేదు. రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ గరుకు ఇసుకతో మొదలుపెట్టాం. నేను పొద్దున్నే పోయి కంకర సర్దేదాన్ని. అది కాలెత్తి పెడుతుంటే చూడలేక తల తిప్పుకోవడం మానేశాను. ఏ కాలు ఎంతసేపు ఎత్తుతోందో చూసి మామకు చెప్పేదాన్ని. ముప్పై ఆరో రోజు కుడి పాదం తప్ప మిగతా మూడూ ఎత్తడం మానేసింది.

నలభయ్యో రోజు రేంజి ఆఫీసరు వచ్చాడు. బయట జూ బండి కూడా నిలబడి ఉంది. బోనుకు ముందు ఇనుప కంచె వేసిన చిన్న ఆవరణ ఉంది. అందులో నాపరాతి ముక్కలు పరిచి, చివర వెడల్పాటి నాపబండ ఒకటి వేసి, దాని మీద మామ జల్లించిన బూడిద పలచగా చల్లారు. బండకు అవతల సంగటి తట్ట. రక్తం వస్తే బూడిద చెబుతుంది. రాకపోతే అడుగు చెబుతుంది.

తలుపు ఎత్తారు. ఎలుగుబంటి బయటికి వచ్చి ముక్కుతో రాళ్ళను చూసింది. నడిచింది. మెల్లగా, తల ఊపుకుంటూ, రాళ్ళ మీదుగా వచ్చి బండ దాటి తట్టలో మూతి పెట్టింది. తిన్నాక మళ్ళీ బండ మీదుగానే బోనులోకి పోయింది. తలుపు దించారు.

అందరూ బండ దగ్గరికి వెళ్ళారు. ఆఫీసరు వంగి చూసి, "కుడి పాదం సరిగ్గా ఆన్చలేదు. మడమ గుర్తు లేదు చూడండి" అన్నాడు. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. మామ ఒక కంటికి ఇంకా మందు వేసుకుంటున్నారు. వంగబోయి, ఆగి, నా వైపు చూశారు.

"నువ్వు చెప్పు పాపా. దినామూ చూసింది నువ్వే కద."

మందిరంలో సంఘం ముందు సాక్ష్యం చెప్పమంటే కూడా నా గొంతు ముందు వరుస దాటదు. బండ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కుడి ముందు పాదం అడుగులు మూడు పడ్డాయి. మూడూ చూశాను.

"ఎలుగుబంటికి ముందు పాదం మడమ గుర్తు బాగున్నప్పుడు కూడా సరిగ్గా పడదు సార్. అటుపక్క ఎడమ పాదం చూడండి, దానికీ లేదు. మడమ ఆనించేది వెనక కాళ్ళకు. ఈ కుడి దానికి ఐదు వేళ్ళూ పడినాయి, పెద్ద మెత్త అంచు నుంచి అంచు దాకా పడింది. మూడు అడుగులూ ఒకటే లోతు. కుంటితే మూడోది తేలిపోతాది. రక్తం లేదు."

ఆఫీసరు ఎడమ అడుగు చూశాడు. మళ్ళీ కుడిది చూశాడు. "ఈమె ఎవరు?" అని డాక్టరమ్మను అడిగాడు.

మామే చెప్పారు. "మా కోడలు సార్. నాకంటే బాగా చూస్తాది."

ఆ మాట ఆయన జీవితంలో ఒక్కసారే అన్నారు. అదీ నా ముఖం చూసి కాదు. నాకు అది చాలు. ఆఫీసరు బయటికి వెళ్ళి జూ బండి డ్రైవరుతో ఏదో మాట్లాడాడు. బండి ఖాళీగా తిరిగిపోయింది.

రెండు రోజుల తర్వాత, ఒక వాన పడి నేల చల్లబడ్డాక, తెల్లవారుతుండగా దాన్ని కొండ కిందికి తీసుకుపోయారు. మామనూ నన్నూ వెనక జీపులో ఎక్కించుకున్నారు. బోను తలుపు తాడుతో లాగారు. అది వెంటనే రాలేదు. ముందు కుడి పాదం బయట పెట్టి, రాతి మీద నొక్కి చూసుకున్నట్టు కాసేపు అట్లాగే ఉంచింది. మా ఎవరి వైపూ చూడలేదు. దిగి, వాన నీళ్ళు పారే రాళ్ళ వంకలో పడి పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

ఎక్కే ఎలుగుబంటి వెనక పాదాల అడుగులు కింద నిలబడ్డవాళ్ళకు కనబడతాయి. ఒళ్ళంతా నల్లగా ఉన్న ఆ జంతువుకు కొత్తగా పుట్టిన ఆ రెండు అరిపాదాలు ఇంకా రంగు తిరగలేదు, లేత ఎరుపులో ఉన్నాయి. ఒకటి కనబడేది, రాతి మీద ఆనేది, రెండోది కనబడేది. మామ మంచి కన్ను దాని మీదే పెట్టి, పెదవులు కదుపుతూ నిలబడ్డారు. ప్రార్థిస్తున్నారో, అడుగులు లెక్కపెడుతున్నారో నేను అడగలేదు. చెట్ల నీడలో ఒళ్ళు కలిసిపోయిన తర్వాత కూడా కాసేపు ఆ రెండు లేత పాదాలు మాత్రం పైకి, ఇంకా పైకి పోతూ కనబడ్డాయి.